మేడగదిలో బస్కీలు

పద్దెనిమిదో ఏట మా మేనత్త జోహరాబీకి నిద్ర పట్టడం మానేసింది. ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బు చెయ్యలేదు, ఎవరూ పోలేదు. కలిమి పెరిగింది, అంతే. ఈ సంగతి ఆవిడ నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ నిన్ననే జరిగినట్టు, అంతే కోపంగా చెప్పింది. వినగా వినగా ఆ కోపం నాకూ అంటుకుంది. దీన్ని నేను నెమ్మదిగా రాయలేను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అనకాపల్లి బజారు వెనక సందులో మా నాన్న తండ్రి ఖాదర్ వలికి చిన్న బట్టల కొట్టు ఉండేది. మేం ఆయన్ని దాదా అనేవాళ్లం. సర్కారు బట్ట మీద కంట్రోలు పెట్టి, మనిషికింత అని కొలిచి ఇమ్మన్నాక, చుట్టుపక్కల పల్లెలకి కంట్రోలు బట్ట అమ్మే కొట్టు ఆయనకి దక్కింది. కశింకోట నుంచి, కొండకర్ల నుంచి జనం పొద్దున్నే వచ్చి కొట్టు ముందు వరసలో నిలబడేవారు. అంతకుముందు "ఏటోయ్ వలీ" అన్నవాళ్లే "సాయిబుగారూ" అనడం మొదలుపెట్టారు. ఆ "గారూ" మా దాదా తలకెక్కింది.

అప్పటిదాకా ఇంట్లో నీళ్లన్నీ మా ఫుప్పూయే తోడేది. మేనత్తని మేం అలాగే పిలిచేవాళ్లం. పెరట్లో నుయ్యి లోతు. బిందె తరవాత బిందె తోడి గాబు నింపేది. మిరపకాయలు దంచేది. పండగకి ముందు దుప్పట్లన్నీ బండ మీద ఉతికేది. బెల్లం బళ్లు సందులోకి వస్తే గోడెక్కి వాటిని లెక్కపెడుతూ, తల్లి తిట్టగానే దూకేసేది. "గారూ" వచ్చాక ఇవన్నీ పోయాయి. పెరటి గోడ మనిషెత్తు లేచింది. వీధి గుమ్మానికీ, మధ్య గది గుమ్మానికీ పరదాలు దిగాయి. నీళ్లకీ, అంట్లకీ నూకరత్నం అనే ఆవిడ కుదిరింది. వంటకి ఇంకొకావిడ వచ్చింది.

"పెద్దింటి ఆడపిల్ల చేద పట్టుకుంటే నాకు తలవంపులు," అన్నారు దాదా.

మా దాదీ అమీనాబీ సంతోషించింది. పెళ్లైన దగ్గర్నించీ ఆ నూతి తాడు లాగిన మనిషి ఆవిడ. "హాయిగా కూచో అమ్మా, నాకు దొరకని సుఖం నీకు దొరికింది," అంది కూతురితో.

హాయిగా కూచోమన్నారు. కూచుంది. అద్దకం దుప్పటి మీద కూచుని కుట్టుపని చేసింది, లేచి తింది, మళ్లీ కూచుంది. కొన్నాళ్లకి రాత్రిళ్లు కళ్లు మూతపడటం మానేశాయి. పగలంతా మత్తు. మేడమెట్లు నాలుగు ఎక్కితే గుండె దడదడలాడేది. కాళ్లలో చీమలు పాకినట్టుండేది. అయిదో తరగతి దాకా చదివిన పుస్తకాలే మళ్లీ మళ్లీ తిరగేసి విసిరేసేది. ఒకరోజు పులుసులో ఉప్పు ఎక్కువైందని గిన్నె తీసి గోడకి కొట్టింది. ఉప్పు సరిగ్గానే ఉందని ఆవిడకీ తెలుసు.

ఇక అందరూ వైద్యులయ్యారు. మౌల్వీగారు మెడకి తాయెత్తు కట్టారు. హకీము వేడి చేసిందన్నాడు, ఏదో షర్బతు తాగించాడు. ఇంగ్లీషు మందుల డాక్టరు నరాల బలహీనత అని సీసాలో మిక్చరు ఇచ్చాడు. అది తాగితే బండరాయిలా పడుండేది, లేచాక నోరంతా చేదు, తల ఎత్తలేకపోయేది. వీళ్లలో ఒక్కరైనా "అమ్మాయీ, పొద్దుటినించి సాయంత్రం దాకా నువ్వు ఏం చేస్తావు?" అని అడగలేదు. ఆ ప్రశ్నకి జవాబు "ఏమీ చెయ్యను" అని. అది చెప్పేందుకైనా ఒకరు అడగాలి కదా.

చుట్టాల ఆడవాళ్లది ఒకటే మాట. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని. దాదీ కూడా అదే అంది.

"పెళ్లికీ నిద్రకీ ఏటమ్మా సంబంధం?" అంది ఫుప్పూ. "నీకు పెళ్లై ఇన్నేళ్లయ్యింది కదా. నువ్వు పడుకుంటన్నావా? రాత్రి నువ్వు అటు ఇటు దొర్లడం నాకు వినపడదనుకుంటన్నావా?"

దాదీ తమలపాకుల పళ్లెం దగ్గరికి లాక్కుని ఆకుల ఈనెలు తీస్తూ కూచుంది.

ఆ ఇంట్లో హాయిగా నిద్రపోయేది ఒక్కడే. ఫుప్పూకన్నా రెండేళ్లు పెద్ద, మా నాన్న జియావుద్దీన్. సాయంత్రాలు తాలింఖానాకి వెళ్లేవాడు. అక్కడ ఉస్తాదు కర్రసాము నేర్పేవాడు, దండీలు, బస్కీలు తీయించేవాడు. ఇంటికొచ్చి రెండు చేతులా తిని, చాప మీద వాలితే మళ్లీ తెల్లారి మసీదు అజా వినబడేదాకా కదిలేవాడు కాదు. ఒకరోజు పొద్దున ఫుప్పూ అతని కింద చాప పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మా నాన్న నేల మీద దొర్లాడు.

"ఎలా పడతాది నీకు నిద్ర? సెప్పు," అంది. ఒళ్లు తెలియని కోపంలో ఆవిడ మాట కూడా నూకరత్నం మాటలా మారిపోయింది.

"పిచ్చెక్కిందా నీకు? బస్కీలు తీత్తే నీకూ పడతాది," అన్నాడు మా నాన్న, కళ్లు నులుముకుంటూ. ఎగతాళికే అన్నాడు.

"అయితే చూపించు."

"ఆడదానివి, నువ్వు తీత్తావా?"

"నీకున్నట్టే నాకూ మోకాళ్లున్నాయి. చూపించు."

మేడ మీద ఖాళీ గోనెసంచులు వేసే గది ఒకటుండేది. మధ్యాహ్నం దాదా కొట్టులో ఉన్నప్పుడు, దాదీ నమాజు చేసుకుంటుంటే, అన్నాచెల్లెళ్లు అక్కడికి వెళ్లారు. కాళ్లు ఎడంగా పెట్టి, వీపు నిటారుగా ఉంచి, మడమల మీద కూచుని చేతులు ముందుకి ఊపుతూ లేవడం బస్కీ. నేల మీద చేతులు ఆన్చి, ఒంటిని ముందుకి జార్చి పైకి లేపడం దండీ. మా నాన్న చేసి చూపించి, నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డాడు. ఫుప్పూ అన్నగారి పైజమా తొడుక్కుని మొదలుపెట్టింది. కాసేపటికే కళ్లు తిరిగాయి. ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని ఆవిడ మళ్లీ లేచింది. మళ్లీ కూచుంది. కాళ్లు వణికి కూలబడేదాకా ఆపలేదు. కిందికి దిగలేక మెట్ల మీద కూచుని ఒక్కొక్క మెట్టే జారుతూ దిగింది.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. పొద్దున అజా వినబడలేదు. దాదీ జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఒక్కరోజులో అంతా బాగైపోయిందని అనుకోకండి. మర్నాడు తొడలు పట్టేసి ఏడ్చింది. ఒకటి రెండు రోజులు మానేసి, మళ్లీ వెళ్లింది. ఒకసారి బాగా పొద్దుపోయాక తీస్తే ఒళ్లంతా వేడెక్కి, గుండె కొట్టుకుంటూ, నిద్ర మరీ దూరమైంది. అందుకని మధ్యాహ్నమే అనుకుంది. మెల్లగా ఊపిరి నిలబడటం వచ్చింది. ఆకలి వచ్చింది. పడుకుంటే నిద్ర దానంతటదే వచ్చేది. మెట్లు పరుగున ఎక్కేది. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో పాట వినబడిందని, ఆ పాడింది ఎవరా అని తల తిప్పి చూశానని దాదీ తరవాత చెప్పేది. తాయెత్తు పనిచేసిందని అప్పుడు దాదా అందరికీ చెప్పుకున్నారు.

కోపం కూడా మారింది. గిన్నెల మీద, ఉప్పు మీద పోలేదు. బాగా నిద్రపోయి లేచిన మనిషికి ఎవరి మీద కోపపడాలో తెలుస్తుంది. పరదా వంక చూసేది. కొత్త గోడ వంక చూసేది.

బెల్లం వ్యాపారి త్రినాధరావుగారని దాదాకి స్నేహితుడు. ఒక మధ్యాహ్నం దాదా ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి ముందు గదిలో కూచోబెట్టారు. టీ తాగుతుంటే పైన దబ్బు దబ్బుమని చప్పుడు. ఫుప్పూ ఆ రోజు దండీల మధ్యలో ఎగిరి దూకడం కూడా మొదలుపెట్టింది.

"మేడ మీద ఏటి బావా, ఎవరో దంచుతున్నట్టున్నారు?" అన్నారు త్రినాధరావుగారు.

దాదా కప్పు కింద పెట్టి పైకెళ్లారు. తలుపు తీశారు. కొడుకు పైజమాలో, చెమటతో తడిసి ముద్దై, జడ నడుముకి చుట్టుకుని, నేల మీద చేతులు ఆన్చి కూతురు కనబడింది. కింద పరాయి మనిషి ఉన్నాడు కాబట్టి ఆయన అరవలేదు. పళ్ల మధ్య నుంచి మాట్లాడారు.

"ఏంటిది? నువ్వు ఆడపిల్లవా, పైలవానువా?"

"నిద్రకోసం అబ్బా," అంది తండ్రితో. "నాకు దీనివల్లే నిద్ర పడతంది."

"నీకిది ఎవరు నేర్పేరు?"

ఆవిడ చెప్పలేదు. ఆ రోజు పెందరాళే తాలింఖానాకి బయల్దేరుతూ మా నాన్న మెట్ల దగ్గరికి వచ్చాడు. దాదా అతన్ని పైకి పిలిచి అదే అడిగారు. మా నాన్న చెల్లెలి మొహం చూశాడు, తండ్రి చేతి వంక చూశాడు.

"నాకేటీ తెలీదబ్బా," అన్నాడు.

ఆ తరవాత తాలింఖానాకి వెళ్లిపోయాడు. ఇంట్లో గొడవ పెట్టి, అదే బస్కీలు తియ్యడానికి దర్జాగా వీధిలోంచి నడిచి వెళ్లాడు మా నాన్న. ఆయన్ని ఎవరూ ఆపలేదు.

దాదా మేడగదికి తాళం వేసి చెవి మొలతాడుకి కట్టుకున్నారు. ఎగిరితే ఆడదాని గర్భసంచి జారిపోతుందని ఎవరో చెప్పారట. నూతి తాడు లాగినన్నాళ్లు జారనిది ఇప్పుడెలా జారుతుందని ఎవరూ అడగలేదు.

నిద్ర మళ్లీ పోయింది. ఈసారి ఎందుకు పోయిందో ఆవిడకి తెలుసు, అదే మరీ బాధ. ఒకరోజు పెరట్లోకి వెళ్లి నూకరత్నం చేతిలోంచి చేద తాడు లాక్కుంది. నూకరత్నం వదల్లేదు.

"వదలమ్మా. సాయిబుగారు సూత్తే నన్ను మానిపించేత్తారు."

"నేను తోడతాను. నువ్వు కూచో. నాకు ఒళ్లు అలవాలి. నీలాగ నిద్రపోవాలి."

"నేను నిద్దరోతన్నానని నీకెవులు సెప్పేరు?" నూకరత్నం గొంతులోనూ కోపమే. "ఆరిళ్లలో నీళ్లు మోసి నడుం ఇరిగిపోతంది. రాత్రంతా మూలుగుతాను. నీకు పని లేక నిద్దర్లేదు, నాకు పని ఎక్కువై నిద్దర్లేదు. నువ్వు సరదాకి తోడేత్తే రేపు నాకు కూడుండదు."

ఫుప్పూ తాడు వదిలేసింది. ఆ మాట ఆవిడని చాలా రోజులు వదల్లేదు. అయితే కోపం తగ్గించలేదు, పెంచింది. ఒకరిని విరగ్గొట్టి, ఒకరిని కూచోబెట్టి, దాన్ని పెద్దరికం అంటున్నారని ఆవిడకి ఆ నూతి దగ్గరే అర్థమైంది.

డాక్టరు మళ్లీ మిక్చరు పంపాడు. రాత్రి భోజనాల దగ్గర దాదా సీసా తీసి ముందు పెట్టారు. ఫుప్పూ సీసా తీసుకుని, లేచి, ఆయన చూస్తుండగానే తూములో మొత్తం ఒంపేసింది.

"మీకు కంట్రోలు కొట్టు వచ్చింది," అంది. "నాకు కాళ్లు పోయాయి. నేను ఎవర్నీ కొట్టలేదు, వీధిలోకి వెళ్లలేదు, మీ మాట దాటలేదు. తలుపేసుకుని గదిలో కూచుని లేచేను. అది కూడా తప్పేనా?"

"నోరు ముయ్యి," అన్నారు దాదా. "ఊళ్లో తెలిస్తే నిన్నెవడు చేసుకుంటాడు?"

"నన్ను చేసుకునేవాడికి నిద్రలేని పిచ్చిది కావాలా?"

దాదా కంచంలో చెయ్యి కడిగేసుకుని వెళ్లిపోయారు. మా నాన్న ఆ పూట కూడా తలొంచుకుని అన్నం తిన్నాడు.

దాదీ అప్పటికే ఏదో నిర్ణయం చేసుకుంది. శుక్రవారం దాదా స్నానం చేసి నమాజుకి కొత్త బట్టలు కట్టుకునేటప్పుడు పాత మొలతాడు తీసి కొక్కానికి తగిలించేవారు. ఆ శుక్రవారం ఆయన మసీదుకి వెళ్లగానే దాదీ తాళంచెవి తీసుకుని మేడెక్కింది. వెనకాల కూతుర్ని రమ్మంది. తాళం తీసి, లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసింది.

"ఏది, ఎలాగో చూపించు," అంది.

"నీకెందుకమ్మా?"

"నూతి తాడు వదిలిన దగ్గర్నించీ నాకూ పడతలేదు. సుఖం అనుకున్నాను. సుఖపడేదానికి నిద్రెందుకు పట్టదని ఎవర్ని అడగను? నువ్వు గిన్నెలు పగలగొట్టేవు. నేను అదీ చెయ్యలేకపోయేను."

అమీనాబీ బాగా ఒళ్లు చేసిన మనిషి. గోడ పట్టుకుని ఒక బస్కీ తీసింది. రెండోది తీస్తూ మధ్యలో ఆగిపోయింది, పైకీ లేవలేదు, కిందికీ వెళ్లలేదు. ఫుప్పూ చంకల కింద చేతులు వేసి లేపింది. ఇద్దరూ గోనెల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ దాదీ ఏడ్చింది. తల్లి ఏడుపు చూసి ఫుప్పూకి దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నాళ్లు ఈవిడ నోరెందుకు మూసుకుందని తల్లి మీద కూడా మండింది. ఆ మాట పైకి అనలేదు. "మళ్లీ లే," అంది.

దాదా తిరిగొచ్చేసరికి దాదీ తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనే తీసేను," అంది. "ఆ గదికి ఇంక తాళం వెయ్యకండి. మీరు కొట్టుకెళ్లేక మేమిద్దరం వెళ్తాం."

పెళ్లాన్ని కొట్టే మనిషి కాదు ఆయన. మాట్లాడటం మానేశారు. అంతకన్నా చిల్లరపని ఇంకొకటి చేశారు. మర్నాడు కొట్టు కూలీల చేత కంట్రోలు బట్ట బేళ్లన్నీ మోయించి మేడగది నిండా పేర్పించారు. కాలు పెట్టే చోటు లేదు. తాళం మాత్రం వెయ్యలేదు. దాదీ అడిగింది అదే కదా, అది తీర్చారు. బేళ్లు పెట్టొద్దని ఆవిడ చెప్పలేదట. కూలీలు వెళ్లాక తన తెలివికి తనే మెచ్చుకుంటూ చుట్ట వెలిగించుకున్నారు.

ఫుప్పూ మేడెక్కి ఆ బేళ్లని చూసింది. జడ ముడేసుకుని, పైనున్న బేలుని రెండు చేతులా పట్టి లాగింది. అది దభీమని నేల మీద పడింది. దాన్ని దొర్లించుకుంటూ మెట్ల దాకా తెచ్చింది. కింద నుంచి దాదీ పట్టింది. ఒక్కొక్క బేలే మెట్ల మీదుగా దించి ముందు గదిలోకి ఈడ్చారు. పొద్దు వాలేదాకా అదే పని. మధ్యలో నూకరత్నం అంట్లు తోమడం ఆపి వచ్చి చూసింది. "నేనొక చెయ్యెయ్యనా?" అంది. "వద్దు, ఇది మా పని," అంది ఫుప్పూ. నూకరత్నం అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుని చూసింది. ఆ ఇంట్లో ఆవిడ కాళ్లు చాపుకుని కూచోవడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

సాయంత్రం దాదా త్రినాధరావుగారితో కలిసి ఇంటికొచ్చారు. తలుపు సగమే తెరుచుకుంది. ముందు గదిలో మంచం మీద, కుర్చీల మీద, నేల మీద బేళ్లే. త్రినాధరావుగారికి కూచునేందుకు చోటు లేదు. బేళ్ల వెనక మధ్య గది గుమ్మం దగ్గర, పరదా ఇవతలే, తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ చెమటలు.

"ఈ బేళ్లు మోయించింది ఎవరు?" అన్నారు దాదా.

"మేమే మోసేం," అంది ఫుప్పూ. గొంతు ఎత్తలేదు. "రేపు పైకి పంపండి. మళ్లీ దించుతాం. ఎల్లుండి పంపినా దించుతాం."

త్రినాధరావుగారు గడప దగ్గరే ఇబ్బందిగా కదిలారు. "నేను మళ్లీ వత్తాను బావా," అని వెళ్లిపోయారు. దాదా ఒక బేలు మీద కూచున్నారు. ఒక మంచి మాట అని ఉంటే ఈ కథ వేరేగా ముగిసేది. అనలేదు. మర్నాడు కూలీలు వచ్చి బేళ్లని కొట్టుకే మోసుకుపోయారు. మేడగది ఖాళీగా ఉంది. ఆయన ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. చనిపోయేదాకా ఆ గది సంగతి ఎత్తలేదు.

తల్లీకూతుళ్లు మధ్యాహ్నాలు మేడెక్కుతూనే ఉన్నారు. దాదీకి మోకాళ్ల నొప్పి, అందుకని బస్కీలు కొన్నే తీసి, తరవాత గది చుట్టూ వేగంగా తిరిగేది. ఆవిడా పడుకోగానే గురక పెట్టడం మొదలుపెట్టింది. దాదా విసుక్కుని మంచం అరుగు మీదికి మార్చుకున్నారు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు ఫుప్పూకి కశింకోటలో దర్జీ పని చేసే నాగూర్ మీరాతో పెళ్లయింది. ఖరారు మాటలప్పుడే దాదీ చేత చెప్పించింది, నుయ్యి తనే తోడుకుంటుందని, రోజూ ఒక గంట తలుపేసుకుంటే ఎవరూ తట్టకూడదని. ఆయన నవ్వి సరేనన్నారట. ఏం చేస్తుందో తెలిశాక కూడా సరేనన్నారు. ఆయన మీద మాత్రం ఫుప్పూకి పెద్దగా కోపం ఉండేది కాదు.

పెళ్లైన కొన్నాళ్లకి మా నాన్న కశింకోట వెళ్లాడు. ఫుప్పూ అన్నం పెట్టింది. తింటూ తింటూ ఆయన అన్నాడు, "ఆ రోజు నేనే నేర్పేనని చెప్పుంటే అబ్బా నన్ను చితకబాదేవాడే."

"బాదేవారు," అంది ఫుప్పూ. "రెండు దెబ్బలు తినేవాడివి, సాయంత్రానికి మర్చిపోయేవాడివి. నీ రెండు దెబ్బలకి బదులు నా నిద్ర అంతా ఇచ్చేసేవు భాయ్. ఇచ్చేసి కర్ర తిప్పుకోడానికి వెళ్లేవు."

మా నాన్న తప్పయిందనలేదు. ఆవిడా అనమని అడగలేదు. గిన్నెలో మిగిలిన కూర ఆయన కంచంలో వేసి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని నూతి దగ్గరికి వెళ్లింది. ఆయన తిని లేచేదాకా గిలక చప్పుడు ఆగలేదు.